మెత్తబడకముందే తినాలి

పోయిన నెలలో ఒకరోజు అమ్మకి మురీ మిక్చర్, అదే మరమరాల మిక్చర్, తినాలనిపించింది. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆవిడ బీచ్‌కి రావడం మానేసి ఏడాది దాటింది. నేనేమో అప్పుడే ఆఫీసు నుంచి వచ్చాను, మళ్ళీ బయటికెళ్ళే ఓపిక లేక ఫోన్ తీసి ఒక యాప్‌లో ఆర్డర్ పెట్టేశాను. నలభై నిమిషాలకి వచ్చింది. ప్లాస్టిక్ డబ్బా, గట్టి మూత, మూత చుట్టూ టేపు. తెరిచి చూస్తే మూత లోపలంతా నీటి చుక్కలు. మురీలు నాని ముద్దయిపోయాయి, టమాటా రసం అంతా అడుక్కి చేరింది. అమ్మ రెండు చెంచాలు తిని డబ్బా పక్కన పెట్టి, "పర్లేదులేవే, కాస్త మజ్జిగన్నం తింటాను" అంది. డబ్బులు పోతే పోయాయి గానీ, ఆవిడ అలా సర్దుకుపోవడం చూసి ఆ రాత్రి నాకు చాలా బాధేసింది.

అప్పట్నుంచీ ఈ విషయమే ఆలోచిస్తున్నాను. మన వైజాగ్‌లో సాయంత్రం పూట తినేవాటిలో ప్రయాణాన్ని తట్టుకునేవి కొన్ని, తట్టుకోలేనివి కొన్ని. మిఠాయి కొట్లో కట్టించుకునేవి చాలామటుకు మొదటి రకం. బండి దగ్గర నిలబడి తినేవి దాదాపు అన్నీ రెండో రకం. ఈ రెండో రకానికి ఒక చోటు ఉంటుంది, ఒక వేళ ఉంటుంది. ఆ చోటూ వేళా తీసేసి, రుచి మాత్రం ఇంటికి రమ్మంటే రాదు. అందుకని ఆ చోటుని కాపాడుకోవడం కూడా ఊరు చెయ్యాల్సిన పనే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో చెప్తాను.

ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి నుంచి కురుసుర సబ్‌మెరైన్ వైపు నడిచే దారిలో నేను ఎప్పుడూ ఒకే బండి దగ్గర ఆగుతాను. నడివయసు ఆవిడ. మురీల సంచి మూతికి ఎప్పుడూ ముడి వేసే ఉంటుంది. ఆర్డర్ చెప్పాకే ముడి విప్పి, డబ్బాతో రెండుసార్లు తోడి గిన్నెలో పోసి, ముందు సంచికి ముడి వేసి, ఆ తర్వాతే మిగతా పని మొదలుపెడుతుంది. ఎంతమంది నిలబడి తొందరపెట్టినా ఈ వరస మారదు. ఒకసారి అడిగితే, "సముద్రం గాలి తగిలితే ఉంటాయేటమ్మా, పావుగంటలో సల్లబడిపోతాయి" అంది. ఆ తర్వాత ఉప్పు, కారం, వేపిన వేరుశనగ గుళ్ళు, కారప్పూస, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర. టమాటా చివర్లో. నిమ్మకాయ అన్నిటికన్నా ఆఖరున, పొట్లం చేతిలో పట్టుకున్నాక పిండుతుంది. గరిటె స్టీలు గిన్నె అంచుకి తగిలి టంగు టంగుమంటుంటే పక్క బండి దగ్గరున్న పిల్లలు కూడా ఇటు తిరుగుతారు. మొత్తం నిమిషం కూడా పట్టదు. ఒకసారి పొట్లం సంచిలో పెట్టుకోబోతుంటే నన్ను ఆపేసింది. "ఇల్లు దూరఁవా? అయితే ఇక్కడే తినెయ్ తల్లీ, ఎల్లేసరికి మెత్తబడిపోద్ది."

ఆవిడ అన్నది అక్షరాలా నిజం. వేడి ఇసుకలో బియ్యం ఉబ్బినప్పుడు గింజలో ఉన్న కాస్త తేమా ఆవిరైపోయి లోపలంతా గాలి గదులు మిగులుతాయి. కరకరమనే చప్పుడు వాటి పొడిదనం వల్లే వస్తుంది. నిమ్మరసం, టమాటా నీరు, ఉల్లి తడి తగలగానే ఆ గదులు నీటిని పీల్చుకోవడం మొదలుపెడతాయి. అంటే మిక్చర్ కలపడం పూర్తయిన క్షణం నుంచే పాడవడం మొదలవుతుందన్నమాట. అయిదు నిమిషాల్లో తినేస్తే సగం కరకర, సగం తడి, రెండూ ఒకే గుప్పిట్లో దొరుకుతాయి. దాన్ని మూత పెట్టి నలభై నిమిషాలు స్కూటర్ మీద తిప్పితే ఎంత మంచి చేత్తో కలిపినా లాభం లేదు.

ఇక్కడ పేరు గురించి ఒక మాట చెప్పాలి. కృష్ణా, గోదావరి వైపు వీటిని మరమరాలంటారు, రాయలసీమలో బొరుగులు. మనం మురీలంటాం. బెంగాలీలో మురి, ఒడియాలో ముఢి. బరంపురం మీదుగా కలకత్తా వెళ్ళే రైలు దారి మీద ఉన్న ఊరు మనది, ఆ మాట ఎటు నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. అనంతపురం, కర్నూలు వైపైతే బొరుగుల్ని కావాలనే నీళ్ళలో తడిపి, పిండి, తాలింపు పెట్టి ఉగ్గాని చేసి మిరపకాయ బజ్జీతో తింటారు. మెత్తదనమే దాని అందం. సరుకు ఒకటే అయినా అక్కడ తడిపి గెలిచారు, ఇక్కడ తడవకముందే తిని గెలుస్తున్నాం.

మన ఊళ్ళో 1933లో ఓడరేవు మొదలైంది, 1941లో షిప్‌యార్డుకి శంకుస్థాపన జరిగింది, తర్వాత నేవీ, రిఫైనరీ, స్టీల్‌ప్లాంట్. దేశం నలుమూలల నుంచీ జనం పనికి వచ్చారు, షిఫ్టులు దిగేవాళ్ళకి ఏ వేళలోనైనా వేడిగా, చవగ్గా ఏదో ఒకటి కావాల్సొచ్చింది. రాత్రి పదకొండింటికి పెనం మీద గుడ్డు గిలక్కొట్టి పోసి, దానిమీద రెండు బ్రెడ్ ముక్కలు అద్ది తిరగేసే బండి ప్రతి పెద్ద జంక్షన్‌లోనూ ఎందుకుందంటే కారణం అదే. మన చిరుతిండిలో తెలుగు, ఒడియా, బెంగాలీ, బొంబాయి అన్నీ కలిసిపోయాయి. అందుకే "అసలు వైజాగ్ వంటకం ఏది" అని ఎవరైనా అడిగితే నాకు ఆ ప్రశ్నే నచ్చదు. అడగాల్సింది ఏ వేళకి ఏది, ఎక్కడ అని.

బజ్జీ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. వాము కూరిన మిరపకాయ బజ్జీని నూనెలోంచి తీసి, కత్తితో చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి ఇచ్చిన రెండు నిమిషాలే దాని వయసు. డబ్బాలో పెట్టి మూత వేస్తే దాని ఆవిరి దాన్నే తడిపేస్తుంది. శనగపిండి తొడుగు ఊడిపోయి మిరపకాయ వేరే, పిండి వేరే అయిపోతాయి.

శాండ్‌విచ్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఇంగ్లండులో 18వ శతాబ్దంలో జాన్ మాంటేగూ అని శాండ్‌విచ్ అనే ఊరి పేరుతో బిరుదున్న ప్రభువు ఉండేవాడు. కూర్చున్న బల్ల దగ్గర నుంచి లేవకుండా తినడానికి రెండు బ్రెడ్ ముక్కల మధ్య మాంసం పెట్టించుకున్నాడని, అలా ఆ పేరొచ్చిందని చెప్తారు. అది బొంబాయి వచ్చేసరికి పచ్చి చట్నీ, ఉడికించిన బంగాళాదుంప, బీట్‌రూట్, కీరా అద్దుకుని నిలబడి తినేదైంది. మా ఆఫీసు సిరిపురంలో. పక్క సందు మొదట్లో సాయంత్రం నాలుగున్నరకి ఒక శాండ్‌విచ్ బండి వచ్చేది. ఆ కుర్రాడు చేసే పని రోజూ చూసేదాన్ని. బ్రెడ్‌కి వెన్న రాసేటప్పుడు మధ్యలో రెండుసార్లు పూసి వదిలెయ్యడు. నాలుగు అంచులకీ, మూలలకీ చాకు మొనతో తోసి రాస్తాడు. నేను అది రుచి కోసం అనుకునేదాన్ని. ఒకరోజు వాన వల్ల గిరాకీ లేక ఖాళీగా ఉన్నప్పుడు చెప్పాడు: వెన్న తగలని చోట చట్నీ నీరు బ్రెడ్‌లోకి దిగి ముక్క జావ అయిపోతుందట. నీరు ఎక్కువ వదిలే టమాటా, కీరా మధ్యలో. నీరు పీల్చే దుంప వాటికి రెండు పక్కలా. అంటే ఎప్పుడు తింటామో, ఎంతసేపు ఆగుతుందో లెక్కేసుకుని పేర్చిన పొరలవి. పైన ఇనప పెట్టె మూసి కాల్చాక ఆరు ముక్కలుగా కోసి, కారప్పూస చల్లి ఇచ్చేవాడు. నాలుకకి వేడి తగిలి, చేతిలో బ్రెడ్ ఇంకా గట్టిగా ఉన్న ఆ పది నిమిషాల కోసమే అంత శ్రద్ధ.

ఇదే శాండ్‌విచ్‌ని నలభై రకాలు అమ్మే చోట తింటే ఈ శ్రద్ధ కనిపించదు. బీచ్ రోడ్డులో, ఎంవీపీ కాలనీలో కొత్తగా వచ్చే కేఫ్‌ల మీద నాకు కోపం లేదు. కూర్చుని మాట్లాడుకోవడానికి నేనూ వెళ్తాను. కానీ మెనూ ఎంత పొడుగైతే సరుకు ఫ్రిజ్‌లో అంత ఎక్కువ రోజులుంటుంది. ఒకే వస్తువు అమ్మే బండికి ఫ్రిజ్ ఉండదు, పొద్దున పూర్ణా మార్కెట్‌లో కొన్న కొత్తిమీర రాత్రికల్లా అయిపోవాల్సిందే, మిగిలితే నష్టం వాళ్ళదే. రీల్స్‌లో చూసి బయటూరి నుంచి వచ్చిన స్నేహితులు చీజ్ కారిపోతున్న ఏదో ఒక పేరు చెప్పి అక్కడికి తీసికెళ్ళమంటారు. నేను వాళ్ళకి చెప్పేది ఒక్కటే, ఒకే పని చేసే చెయ్యి ఎక్కడుందో వెతకండి, దాని పక్కన వెళ్ళి నిలబడండి.

తీపి విషయంలో కథ తిరగబడుతుంది. మన తీపివంటలు ప్రయాణం కోసమే పుట్టాయేమో అనిపిస్తుంది. మాడుగుల హల్వానే తీసుకోండి. 1890 ప్రాంతంలో మొదలైందంటారు. 2022లో జిల్లాలు విడిపోయాక మాడుగుల అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గానీ, వైజాగ్ వచ్చిన చుట్టం ఆ హల్వా పెట్టె లేకుండా రైలెక్కడం తక్కువ. గోధుమల్ని మూడు రోజులు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలు పులిశాక పాకంలో పోసి, నెయ్యి వేస్తూ కలుపుతూనే ఉంటారు. పాకంలో పంచదార తేమను గట్టిగా పట్టి ఉంచుతుంది కాబట్టి బూజుకి నీరు దొరకదు, నెయ్యి పైనుంచి గాలి తగలనివ్వదు. మడత కాజా కూడా అంతే. అందుకే వీటిని హైదరాబాద్ పంపినా, అమెరికా పంపినా పెట్టె తెరిచినవాళ్ళకి అదే రుచి దొరుకుతుంది. వీటిని యాప్‌లో తెప్పించుకోండి, హాయిగా. నాకేం అభ్యంతరం లేదు.

జున్ను అలా కాదు. గేదె ఈనిన మొదటి మూడు నాలుగు రోజుల పాలల్లో మాంసకృత్తులు మామూలు పాలకన్నా చాలా ఎక్కువ. అందుకే బెల్లం, మిరియాలు, ఏలకులు వేసి ఆవిరి మీద పెడితే ఏ తోడూ అక్కర్లేకుండా గడ్డకడుతుంది. ఇప్పుడు మామూలు పాలల్లో చైనా గ్రాస్ వేసి గట్టిపరిచిన జున్ను కూడా అమ్ముతున్నారు. అది నోట్లో జారిపోతుంది. అసలు జున్నైతే చిన్న చిన్న రంధ్రాలతో, కాస్త రవ్వరవ్వగా, చెంచా దించితే పక్కన పల్చటి నీరు ఊరుతుంది. మా చిన్నప్పుడు అక్కయ్యపాలెంలో ఒకాయన సైకిల్ మీద అల్యూమినియం గిన్నె పెట్టుకుని పొద్దున్నే వచ్చేవాడు. ఎండెక్కేలోగా అమ్ముడైపోవాలి, లేకపోతే ఆ గిన్నె మొత్తం పారబొయ్యాల్సిందే. ఆయన రాని రోజులే ఎక్కువ. గేదె ఈనితేనే కదా. ఇప్పటికీ జున్ను అనగానే నాకు రుచికన్నా ముందు సైకిల్ గంట గుర్తొస్తుంది. ముంజలూ అంతే, ఏప్రిల్, మే నెలల్లో రోడ్డు పక్కన కత్తితో ఒలిచి చేతిలో పెడితే తినాలి. సంక్రాంతి దగ్గర తేగలు, మట్టిలోంచి తవ్వి కుండలో కాల్చినవి, వేడి మీద నార తీసుకుంటూ. కాలం దాటితే మళ్ళీ ఏడాదే.

మళ్ళీ ఆ శాండ్‌విచ్ బండి దగ్గరికొస్తాను. ఒక సోమవారం సాయంత్రం సందు మొదలు ఖాళీగా ఉంది. బండ్లన్నీ తీయించేశారని వాచ్‌మన్ చెప్పాడు. రెండు వారాల తర్వాత కుర్రాడు ఫోన్ చేసి తనకి వేరే చోటు చూపించారని చెప్పాడు. వెళ్ళి చూశాను. శుభ్రంగానే ఉంది, గచ్చు ఉంది, లైటు ఉంది. కానీ చుట్టుపక్కల ఆఫీసు లేదు, కాలేజీ లేదు, బస్టాపు లేదు. సాయంత్రం ఆరింటికి ఆ గచ్చు మీద అయిదు బండ్లు, ఇద్దరు కొనేవాళ్ళు. బ్రెడ్ మిగిలిపోవడం మొదలైంది. మిగిలిన బ్రెడ్ మర్నాడు వాడక తప్పలేదు. నాలుగు నెలలకి మూసేశాడు. అతని చేతిలో ఏ మార్పూ లేదు. నాలుగున్నరకి ఆకలేసే మనుషులున్న చోటు నుంచి తీసేశారు, అంతే.

చాలామందికి తెలియని విషయం ఏంటంటే చట్టం ఇతని పక్షానే ఉంది. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. ఊళ్ళో అమ్ముకునేవాళ్ళందరినీ సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని అందులో ఉంది. ఈ వ్యవహారాలు చూసే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఎన్నికై రావాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. నాకు అన్నిటికన్నా నచ్చింది అందులో సహజ మార్కెట్ అనే మాట. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఏళ్ళ తరబడి తమంతట తాము చేరుతూ వచ్చిన చోటు అని దానర్థం. ప్రణాళిక వేసేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఒకే చోటుని వేళలవారీగా పంచుకుని అమ్ముకునే పద్ధతి కూడా ఆ చట్టంలో ఉంది. పొద్దున ఇడ్లీ బండి, సాయంత్రం శాండ్‌విచ్ బండి, రాత్రి ఆమ్లెట్ బండి. తిండికి చోటూ వేళా ఉంటాయని మురీల ఆవిడకి తెలిసిన సంగతే చట్టం రాసినవాళ్ళకీ తెలుసు. అమలు చేసేచోటికి వచ్చేసరికే మర్చిపోతున్నాం.

అవతలి వాదన నేను కాదనను. మా నాన్నగారు సాయంత్రం నడకకి వెళ్ళి, ఫుట్‌పాత్ మీద బండి అడ్డమొచ్చి రోడ్డు మీదికి దిగి, ఆటో తగిలి పడ్డారు. నడిచేవాళ్ళకి దారి వదలాల్సిందే, అందులో రెండో మాట లేదు. వెడల్పు కొలిచి గీత గీయండి, గీత దాటితే జరిమానా వెయ్యండి. నూనె విషయంలోనూ అంతే. మాటిమాటికీ కాగిన నూనెలో ధ్రువ సమ్మేళనాలు, అంటే నూనె పాడయ్యేకొద్దీ పెరిగే పదార్థాలు, 25 శాతం దాటితే వాడకూడదని 2018 నుంచి నిబంధన ఉంది. వాటిని కొలిచే చిన్న మీటరు పట్టుకుని నెలకోసారి బండ్ల దగ్గరికి వచ్చి చూపించి వెళ్ళినా సగం సమస్య తీరుతుంది. బండి లాగేసినంత మాత్రాన నూనె బాగుపడదు కదా. అదే నూనె లోపలి సందులోకి, ఎవరూ చూడని చోటికి వెళ్తుంది.

న్యూస్‌పేపర్ పొట్లాన్ని మాత్రం నేను సమర్థించను. చిన్నప్పట్నుంచీ ఆ పొట్లంలోనే తిన్నాను, ఆ కాగితం వాసన నాకు బీచ్ వాసనలో భాగం. అయినా వేడి బజ్జీ నూనెకీ నిమ్మరసానికీ అచ్చు సిరా తిండిలోకి దిగుతుంది, వద్దని ఆహార భద్రతా సంస్థ కూడా చెప్పింది. మనకి దీనికి జవాబు పక్కనే ఉంది. మన ఏజెన్సీలో గిరిజన ఆడవాళ్ళు అడ్డాకులు కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టి విస్తళ్ళు, దొన్నెలు చేస్తారు. గుళ్ళో ప్రసాదం పెడితే పట్టుకుంటాం కదా, అదే దొన్నె. మురీ మిక్చర్‌కి దానికన్నా మంచి గిన్నె లేదు. నేను ఒక కట్ట కొని బీచ్‌లో ఆవిడకి ఇచ్చాను. అందులో వేసి ఇచ్చింది గానీ, "ఇదొకటి రెండ్రూపాయలు పడితే నాకేటి మిగుల్తాదమ్మా" అని అడిగింది. ఆ రెండు రూపాయలు కొనేవాళ్ళం మనం పెట్టుకోవాలి. ముప్పై రూపాయల పొట్లానికి ముప్పై రెండు ఇవ్వలేనివాళ్ళమేం కాదు.

దొన్నెలు ఇచ్చిన రోజే అమ్మ సంగతి కూడా చెప్పాను, డబ్బాలో తెప్పిస్తే ముద్దైపోయిందని. ఆవిడ నా వైపు చూసి, ఏమీ మాట్లాడకుండా కవరు తీసి మురీలు ఒక కవర్లో పోసి ముడి వేసింది, కారప్పూస, గుళ్ళు ఇంకో దాంట్లో, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరుగు చిన్న పొట్లంలో. టమాటా, నిమ్మకాయ కొయ్యకుండా అలాగే ఇచ్చేసింది. "అమ్మనే కలుపుకోమను" అంది. ఆ రాత్రి అమ్మ వంటగదిలో స్టీలు గిన్నె ముందు పెట్టుకుని కుర్చీలో కూర్చుని కలిపింది, గరిటె చప్పుడు హాల్లోకి వినిపించింది. బాగానే కుదిరింది. మొత్తం తినేసి, చేతులు కడుక్కుని వచ్చి, "ఆవిడ ఉప్పు ఇంకాస్త ఎక్కువేస్తుంది కదూ. ఆదివారం ఆటో మాట్లాడు, దిగకుండా అందులోనే కూర్చుంటాను" అంది.

ఆదివారం అయిదున్నరకి వెళ్ళాం. ఆటో ఆపడానికి చోటు దొరక్క కాస్త ముందుకెళ్ళి ఆగాల్సొచ్చింది. నేను దిగి నాలుగడుగులు వేశానో లేదో ఆవిడ చూసేసింది. బండి పక్కన నిలబడ్డ పిల్లాడికి అప్పగించి, దొన్నె ఒక చేత్తో, నిమ్మచెక్క ఇంకో చేత్తో పట్టుకుని గబగబా ఆటో దగ్గరికి వచ్చింది. అమ్మ చేతిలో దొన్నె పెట్టాకే నిమ్మకాయ పిండింది.